మగకుక్కకు వంధ్యీకరణ - తగిన కాలం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మగకుక్కకు వంధ్యీకరణ శస్త్రచికిత్స ఎప్పుడు చేయించాలన్న ప్రశ్నకు పశువైద్యంలో చాలాకాలం "ఆరో నెల" అన్న ఒకే సమాధానం చెలామణి అయింది. 2013 తర్వాత వెలువడిన పరిశోధనలు ఆ సమాధానాన్ని జాతిని బట్టి, బరువును బట్టి విడదీశాయి. ఆ పరిశోధనల సారాన్ని వివరించి, పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని పెంపుడుకుక్కకు, ఊరకుక్కకు, మందకుక్కకు అవి ఎంతవరకు వర్తిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎముక పెరుగుదల చెప్పే కాలం ఒకటి, చిత్తకార్తె చెప్పే కాలం మరొకటి ఉన్నాయి. కుక్క ఎక్కడ, ఎలా బతుకుతుందన్న దాన్ని బట్టి వీటిలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో నిర్ణయించుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మగకుక్క, వంధ్యీకరణ, ఊరకుక్క, మందకుక్క, చిత్తకార్తె, ఎముకల పెరుగుదల, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు రైతు పశువులకు పెట్టుకున్న పేర్లలో ఒక స్పష్టమైన విభజన ఉంది. వయసులో ఉన్న మగదూడ కోడె. విత్తు కొట్టించి కాడికి కట్టినది ఎద్దు. ఊరి ఆవుల కోసం వదిలిపెట్టినది ఆబోతు. ఒకే జంతువు జీవితంలో ఏ దశలో ఉందో, దాని వృషణాల విషయంలో మనిషి ఏ నిర్ణయం తీసుకున్నాడో ఆ పేరే చెప్పేస్తుంది. కుక్క విషయంలో వాడుకభాషలో ఇటువంటి విభజన కనిపించదు. మగకుక్క పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా మగకుక్కే. పురపాలక సంఘాలు ఆపరేషన్లు మొదలుపెట్టాక, శస్త్రచికిత్స జరిగినదానికి గుర్తుగా చెవి కొసను కత్తిరించడం వల్ల "చెవి కోసిన కుక్క" అన్న మాట ఒకటి వినవస్తోంది. పేరు లేకపోవడానికి కారణం స్పష్టమే. కుక్కకు విత్తు కొట్టించడం ఈ సమాజానికి మొన్నమొన్నటి వరకు అవసరంలేని పని.

ఇప్పుడు ఆ అవసరం రెండు దిక్కుల నుంచి వచ్చింది. కరీంనగర్, మంచిర్యాల, గోదావరిఖని వంటి పట్టణాల్లో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమెరేనియన్ కుక్కలను ఇంట్లో పెంచేవారు పెరిగారు. పిల్ల ఆరు నెలలది కాగానే ఆపరేషన్ ఎప్పుడన్న ప్రశ్న వస్తుంది. రెండోది వీధికుక్కల సమస్య. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల స్థానంలో కేంద్రప్రభుత్వం 2023 మార్చి 10న కొత్త నియమాలను ప్రకటించింది. వీధికుక్కలకు వంధ్యీకరణ, రేబిస్ టీకా చేయించే బాధ్యతను అవి స్థానిక సంస్థల మీద పెట్టాయి. పెంపుడుజంతువు విషయంలో పురుగులమందు, టీకాలు యజమాని బాధ్యత అని చెప్పి, వంధ్యీకరణను మాత్రం యజమాని విచక్షణకు వదిలాయి. అంటే వీధికుక్కకు ప్రభుత్వం, ఇంటికుక్కకు యజమాని నిర్ణయించాలి. ఈ ఇద్దరూ వేసుకోవలసిన లెక్క ఒకటి కాదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఈ నియమాలు వచ్చాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న తన అంతకుముందరి ఉత్తర్వును సవరిస్తూ, రేబిస్ సోకినవి, దూకుడుగా ప్రవర్తించేవి తప్ప మిగిలిన వీధికుక్కలను వంధ్యీకరణ, టీకాల తర్వాత పట్టుకున్నచోటే వదలాలని చెప్పింది. అదే సంవత్సరం నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ప్రాంగణాల్లో పట్టినవాటిని మళ్ళీ అక్కడ వదలరాదని ఆదేశించింది. చట్టం ఎటు మారినా వంధ్యీకరణ మాత్రం అన్ని ఉత్తర్వుల్లోనూ కొనసాగుతోంది. కనుక అది ఎప్పుడు చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడం అవసరం.

2. కోడె నేర్పిన పాఠం:

వేములవాడ రాజన్న ఆలయంలో కోడెమొక్కు ప్రసిద్ధం. భక్తులు కోడెను ఆలయం చుట్టూ తిప్పి కట్టేస్తారు. ఆదిలాబాద్ పల్లెల్లో శ్రావణమాసం చివర వచ్చే పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, అలంకరించి, పూజిస్తారు. విత్తు కొట్టని కోడెకు ఒకచోట, విత్తు కొట్టిన ఎద్దుకు మరోచోట ఇంతటి గౌరవం ఇచ్చిన ప్రాంతం ఇది. మగజంతువుకు విత్తు తీయిస్తే దాని విలువ పోతుందన్న భావం ఈ సంస్కృతిలో సార్వత్రికం కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. కుక్క పౌరుషం గురించి వినిపించే అభ్యంతరాన్ని ఈ వెలుగులో చూడాలి.

ఇంకా ముఖ్యమైనది కాలనిర్ణయం. కాడికి కట్టదలచిన కోడెకు రైతు చిన్నతనంలోనే విత్తు కొట్టించడు. మూపురం లేచేదాకా, మెడ బలిసేదాకా, మొదటి జత శాశ్వత దంతాలు వచ్చేదాకా ఆగుతాడు. ముందే కొట్టిస్తే కాళ్ళు పొడుగుసాగి, మెడ సన్నబడి, కాడి మోయలేని ఎద్దు తయారవుతుందని అతనికి తెలుసు. మరీ ఆలస్యం చేస్తే లొంగదనీ తెలుసు. కోడె వయసును నెలల్లో లెక్కపెట్టే అలవాటు అతనికి లేదు. శరీరాన్ని చూసి నిర్ణయిస్తాడు. పెద్దజాతి కుక్కల విషయంలో పాశ్చాత్య పశువైద్యం ఇటీవల చేరుకున్న నిర్ణయం స్థూలంగా ఇదే.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కోడెకు వాడే బర్డిజో పటకారు ఇటలీ పశువైద్యుడి పేరు మీద వచ్చింది. వృషణాలకు పోయే నాళాలను, రక్తనాళాలను చర్మం తెగకుండా అది నలిపివేస్తుంది. పశువుల ఆసుపత్రుల్లో అది అందరికీ పరిచయమే. దాన్ని కుక్కకు వాడరాదు. కుక్క వృషణకోశం నిర్మాణం వేరు, వాపు, నొప్పి తీవ్రంగా ఉంటాయి. కుక్కకు మత్తు ఇచ్చి, శుభ్రమైన శస్త్రచికిత్స గదిలో వృషణాలను తొలగించడమే సరైన పద్ధతి.

3. ఎముక చెప్పే కాలం:

పొడవాటి ఎముకల రెండు చివర్లలో మృదులాస్థి పొరలు ఉంటాయి. ఎముక పెరిగేది అక్కడే. యవ్వనం వచ్చినప్పుడు వృషణాల నుంచి వెలువడే టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి ఆ పొరలను మూసివేస్తుంది. పొర మూసుకుంటే పెరుగుదల ఆగుతుంది. వృషణాలను ముందే తీసేస్తే ఆ సంకేతం అందదు. పొర ఆలస్యంగా మూసుకుంటుంది, ఎముక ఉండవలసిన దానికంటే కొంత పొడుగవుతుంది. 1991లో సాల్మెరి, ఆమె సహపరిశోధకులు ఏడు వారాల వయసులోనూ ఏడు నెలల వయసులోనూ శస్త్రచికిత్స చేసిన కుక్కలను పోల్చి ఈ ఆలస్యాన్ని నమోదు చేశారు. అన్ని ఎముకలూ ఒకేసారి మూసుకోవు. కొన్ని మూసుకున్నాక, కొన్ని ఇంకా పెరుగుతున్న దశలో హార్మోను ఆగిపోతే కీలు దగ్గర ఎముకల పొందిక తేడా పడుతుంది. తుంటి, మోకాలు, మోచేయి కీళ్ళ మీద ఆ భారం పడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ భావనకు గణాంకాల బలం అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో లభించింది. అక్కడి పశువైద్య ఆసుపత్రి రికార్డుల నుంచి 759 గోల్డెన్ రిట్రీవర్ కుక్కల వివరాలను పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. ఏడాదిలోపు శస్త్రచికిత్స జరిగిన మగకుక్కల్లో 10 శాతానికి హిప్ డిస్ప్లేసియా అనే తుంటికీలు లోపం కనిపించింది. శస్త్రచికిత్స జరగని మగకుక్కలతో పోలిస్తే ఇది రెట్టింపు. 2016లో 1170 జర్మన్ షెపర్డ్ కుక్కల రికార్డులు చూశారు. శస్త్రచికిత్స జరగని మగవాటిలో 7 శాతానికి ఏదో ఒక కీళ్ళవ్యాధి ఉండగా, ఏడాదిలోపు శస్త్రచికిత్స జరిగిన మగవాటిలో అది 21 శాతం. కరీంనగర్ వీధుల్లో గేటు వెనుక కనిపించే జర్మన్ షెపర్డ్ యజమానికి ఈ రెండు అంకెలు తెలిసి ఉండాలి.

2020లో హార్ట్ దంపతులు, వారి సహచరులు 35 జాతుల మీద వెలువరించిన పత్రం ఒకే వయసు అన్న సూత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. జర్మన్ షెపర్డ్‌కు దాదాపు రెండేళ్ళు నిండాక, మగ గోల్డెన్ రిట్రీవర్‌కు ఏడాది దాటాక, మగ లాబ్రడార్‌కు ఆరు నెలలు దాటాక చేయించడం మంచిదని సూచించింది. పొమెరేనియన్ వంటి చిన్నజాతుల్లో వయసు వల్ల కీళ్ళకు తేడా కనిపించలేదు. అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం 2019 మార్గదర్శకాలు దీన్నే సరళం చేసి, పెరిగాక సుమారు 20 కిలోల లోపు ఉండే కుక్కకు ఆరు నెలలకు, అంతకుమించి పెరిగేదానికి ఎదుగుదల ఆగాక, అంటే 9 నుంచి 15 నెలల మధ్య, చేయించవచ్చని చెప్పాయి.

ఈ అంకెలకు పరిమితులు లేకపోలేదు. అవి బోధనాసుపత్రికి వచ్చిన కుక్కల రికార్డులు. ఖర్చుపెట్టి పెద్దాసుపత్రికి తెచ్చే యజమానుల కుక్కలు మాత్రమే అందులో ఉన్నాయి. వంధ్యీకరణ తర్వాత ఆకలి పెరిగి, ఒళ్ళు వచ్చి, ఆ బరువు వల్ల కీళ్ళు దెబ్బతినే అవకాశాన్ని ఇటువంటి అధ్యయనాల్లో పూర్తిగా వేరుచేయడం కష్టం. అయినా మూడు పత్రాలూ ఒకే దిశ చూపుతున్నాయి.

తెలంగాణ పాఠకుడికి ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఈ 35 జాతుల జాబితాలో మన ఊరకుక్క ఎక్కడ? లేదు. దానికి దగ్గరగా వచ్చేది ఆ బృందమే 2020లో మిశ్రమజాతి కుక్కల మీద బరువును బట్టి చేసిన మరో అధ్యయనం. పెరిగాక 20 కిలోలు, అంతకుమించి ఉండే మిశ్రమజాతి కుక్కలకు ఏడాదిలోపు చేయిస్తే కీళ్ళవ్యాధులు పెరిగాయి. 20 కిలోల లోపు వాటిలో పెరగలేదు. ఊరకుక్క సాధారణంగా 20 కిలోల లోపు జంతువు. సన్నని నడుము, నిటారు కాళ్ళు, మనిషి ఎంపిక చేయని సంతానక్రమం దాని లక్షణాలు. ఎముక లెక్కలో దానికి ఆరు నెలలు దాటాక పెద్ద ప్రమాదం ఉన్నట్టు ఆధారం లేదు. జర్మన్ షెపర్డ్‌కు చెప్పే జాగ్రత్తను ఊరకుక్కకు, ఊరకుక్కకు చేసే తొందరను జర్మన్ షెపర్డ్‌కు అంటగట్టడం రెండూ పొరపాట్లే.

4. ప్రవర్తన విషయంలో ఆశలు, వాస్తవాలు:

యజమానులు శస్త్రచికిత్సకు వచ్చేది చాలావరకు కీళ్ళ గురించి ఆలోచించి కాదు. కుక్క గోడ దూకి పోతుంది, ఇంట్లో మూలమూలనా కాలెత్తుతుంది, కరుస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల నిరాశ కలుగుతుంది.

1976లో హాప్కిన్స్, షూ, హార్ట్ 42 వయోజన మగకుక్కల మీద చేసిన పరిశీలనలో తిరుగుడు పది కుక్కల్లో తొమ్మిదింటికి తగ్గింది. మూత్రంతో గుర్తులు పెట్టడం సుమారు సగం కుక్కల్లోనే తగ్గింది. 1997లో నీల్సన్ బృందం 57 కుక్కలను పరిశీలించింది. తిరుగుడు, ఎక్కడం, గుర్తులు పెట్టడం అనే మూడు అలవాట్లలోనూ 60 శాతం, అంతకుమించిన కుక్కల్లో సగానికి పైగా మెరుగుదల కనిపించింది. దూకుడు విషయంలో అటువంటి మెరుగుదల చాలా తక్కువ కుక్కలకే వచ్చింది. అదే పత్రంలో మరో విలువైన ఫలితం ఉంది. శస్త్రచికిత్స నాటికి కుక్క వయసు ఎంత, అలవాటు ఎంతకాలం నుంచి ఉంది అన్నవాటికీ ఫలితానికీ సంబంధం కనిపించలేదు. "ముదిరిన తర్వాత చేయిస్తే ఏం లాభం" అన్న మాటకు ఇది సూటి జవాబు. ఎముకల కోసం ఏడాదిన్నర ఆగినందువల్ల ప్రవర్తన విషయంలో నష్టపోయేది స్వల్పం.

భయంతో కరిచే కుక్క సంగతి వేరు. దానికి వంధ్యీకరణ మందు కాదు. చిన్నవయసులో హార్మోను కోల్పోయిన మగకుక్కల్లో భయానికి, ఉలికిపాటుకు సంబంధించిన లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు 2018లో మెగ్రీవీ బృందం యజమానుల సమాధానాల ఆధారంగా చెప్పింది. పిరికికుక్కకు తొందరపడి ఆపరేషన్ చేయించడం మంచిది కాదని దీన్నిబట్టి భావించవచ్చు.

పైవన్నీ ఇంటికుక్కలు. స్వేచ్ఛగా తిరిగే మగకుక్కల మీద చిలీ దేశంలోని ప్వెర్తో నతాలెస్ పట్టణంలో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. కుక్కల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా గమనించారు. శస్త్రచికిత్స జరిగినవాటిలో దూకుడు గాని లైంగిక ప్రవర్తన గాని తగ్గలేదు. తిరిగే ప్రాంతం విస్తీర్ణమూ మారలేదు. వృషణాల్లోకి ఇంజెక్షన్ ఇచ్చి వంధ్యం చేసినవాటిలో తోటికుక్కల మీద దూకుడు పెరిగింది. ఒక పట్టణంలోని ఒక అధ్యయనంతో తీర్పు చెప్పలేము. అయినా "మగకుక్కలకు ఆపరేషన్ చేస్తే కాట్లు ఆగుతాయి" అని పురపాలక సభల్లో ఇచ్చే హామీకి ఇది గట్టి ప్రశ్న.

5. రోగాల జమాఖర్చు:

వృషణాలు తీసేస్తే వృషణ క్యాన్సర్ రాదు. వయసు మీరిన మగకుక్కల్లో సర్వసాధారణమైన ప్రోస్టేట్ గ్రంథి వాపు కూడా రాదు, వచ్చినది తగ్గుతుంది. అయితే ఈ రెండింటికీ తర్వాత చేయించినా ఫలితం ఉంటుంది కనుక ఇవి తొందరకు కారణాలు కావు. అరుదైన ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం వంధ్యీకరణ జరిగిన కుక్కల్లోనే కొంత ఎక్కువగా నమోదైంది.

ఆలస్యం చేయరాని సందర్భం ఒకటుంది. కొన్ని పిల్లలకు ఒక వృషణం కిందికి దిగకుండా పొట్టలోనో గజ్జల్లోనో ఉండిపోతుంది. ఆరు నెలలు దాటినా దిగకపోతే ఇక దిగదని భావిస్తారు. అటువంటి వృషణంలో కణితి వచ్చే అవకాశం మామూలుకంటే చాలా రెట్లు ఎక్కువ. ఈ లోపం వంశపారంపర్యం కూడా. ఇటువంటి కుక్కకు ఎదుగుదల పూర్తికాగానే రెండు వృషణాలనూ తీయించాలి.

వీధుల్లో తిరిగే కుక్కలకు సంబంధించి పాశ్చాత్య పత్రాలు పెద్దగా పట్టించుకోని వ్యాధి ఒకటి ఇక్కడ సాధారణం. సంభోగం ద్వారా ఒక కుక్క నుంచి మరోదానికి కణాలే బతికి పాకే కణితి అది. మర్మాంగాల దగ్గర కాలీఫ్లవర్ ఆకారంలో, రక్తం కారుతూ కనిపిస్తుంది. విన్‌క్రిస్టిన్ అనే మందుతో నయమవుతుంది గాని, వారం వారం ఇంజెక్షన్ కోసం వీధికుక్కను పట్టితెచ్చేవారెవరు? మొదటి సంభోగానికి ముందే వంధ్యీకరణ జరగడం దీనికి మంచి నివారణ.

6. కార్తె చెప్పే కాలం:

"చిత్తకార్తె కుక్కలు" అన్న మాట తెలుగునాట తిట్టుగా స్థిరపడింది. తిట్టులోని పరిశీలన మాత్రం శాస్త్రీయమైనది. చిత్తకార్తె ఏటా అక్టోబరు 10, 11 తేదీల ప్రాంతంలో మొదలై 23 దాకా ఉంటుంది. వానలు వెనుకబట్టే ఆ రోజుల్లో ఊరి ఆడకుక్కలు ఎక్కువగా ఎదకు వస్తాయి, ఒక్కో దాని వెంట మగకుక్కలు గుంపులు కడతాయి. ఇంట్లో పెరిగే విదేశీజాతి ఆడకుక్క ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. భారతదేశపు వీధికుక్కకు ఋతువు ఉంది. పశ్చిమబెంగాల్‌లో ఎస్.కె. పాల్ చేసిన క్షేత్రపరిశీలనల్లోనూ, జైపూర్‌లో జనన నియంత్రణ కేంద్రానికి వచ్చిన ఆడకుక్కల రికార్డుల్లోనూ వానకాలం చివరి నుంచి చలికాలం మొదటిదాకా సంతానోత్పత్తి కేంద్రీకృతమై కనిపించింది. రైతు కార్తె లెక్క వాటికంటే ఎంతో ముందుది.

చూలు కాలం సుమారు 63 రోజులు. చిత్తలో చూలుకట్టిన కుక్క డిసెంబరు రెండో సగంలో ఈనుతుంది. చలిలో పిల్లల్ని కాపాడుకునే తల్లి దగ్గరికి పోయిన పిల్లవాణ్ణి కరుస్తుంది. జైపూర్‌లో వంధ్యీకరణ పెరిగేకొద్దీ కుక్కకాట్లు తగ్గడానికి ఈ తల్లికాట్లు తగ్గడమే ఒక కారణమని అక్కడి పరిశోధకులు వివరించారు. అక్కడ 1994 నుంచి 2002 వరకు జరిగిన కార్యక్రమంలో 65 శాతం ఆడకుక్కలకు వంధ్యీకరణ, టీకా పూర్తయ్యేసరికి కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. కార్యక్రమం జరిగిన ప్రాంతంలో మనుషుల రేబిస్ కేసులు సున్నాకు చేరాయి. లెక్క ఆడకుక్కలదే అన్న విషయం గమనార్హం.

ఇక్కడ మగకుక్క స్థానం ఏమిటో నిష్కర్షగా చెప్పుకోవాలి. ఒక వాడలో పది మగకుక్కలుంటే తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా పదోది చాలు. జనాభా తగ్గించడమే లక్ష్యమైతే, డబ్బు, వైద్యులు పరిమితమైన పట్టణంలో మగకుక్కల మీద పెట్టే ఖర్చుకు ఫలితం తక్కువ. కానీ మగకుక్క శస్త్రచికిత్స సులువు, తక్కువ సమయంలో ముగుస్తుంది. "ఇన్ని కుక్కలకు చేశాం" అన్న మొత్తం సంఖ్యనే పనికి కొలమానంగా తీసుకుంటే ఆ సంఖ్య మగవాటితో త్వరగా నిండుతుంది. నివేదికల్లో ఆడ, మగ సంఖ్యలను విడివిడిగా చూపాలని కోరవలసిన అవసరం ఇందువల్లే ఉంది. మగకుక్కకు వీధిలో వంధ్యీకరణ వృథా అని దీని అర్థం కాదు. పైన చెప్పిన కణితి, ఎదకాలపు పోట్లాటల గాయాలు తగ్గే అవకాశం ఉంది. పట్టినప్పుడు టీకా ఎలాగూ పడుతుంది, రేబిస్‌ను ఆపేది ఆ టీకాయే. ఒకసారి పట్టిన వీధికుక్క మళ్ళీ చేతికి చిక్కడం కష్టం గనుక, చిక్కిననాడే చేయడమే దానికి తగిన కాలం.

7. మందకుక్క, అడవి అంచు:

గొల్లకురుమల గొర్రెల మందల వెంట ఉండే కుక్క పైరెండు వర్గాల్లోనూ ఇమడదు. దానికి యజమాని ఉన్నాడు, గేటు లేదు. తోడేలు, నక్క రాకుండా రాత్రి కాపలా కాయడం దాని పని. విత్తు తీయిస్తే కాపలా చెడుతుందన్న శంక ఈ కాపరులకు సహజం. అమెరికాలో మందకాపలా కుక్కల మీద గ్రీన్, వుడ్రఫ్ చేసిన సర్వేల్లో వంధ్యీకరణ జరిగినవాటికీ జరగనివాటికీ కాపలా సామర్థ్యంలో తేడా తేలలేదు. పైగా ఎదకుక్క వాసనకు మందను వదిలిపోయే కుక్క కంటే మందను అంటిపెట్టుకునే కుక్కే కాపరికి పనికివస్తుంది. ఇటువంటి కుక్క బరువైనదైతే ఏడాది నిండాక, కోడె విషయంలో లాగే ఒళ్ళు చూసి నిర్ణయించుకోవడం మేలు.

ఆదిలాబాద్ వైపు మరో అంశం ఉంది. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైంది. దాని లోపలా అంచునా ఉన్న గూడేల కుక్కలు మనిషి వెంట అడవిలోకి పోతాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి పులికి, రేసుకుక్కకు కూడా సోకగలదు. 2018లో గిర్ సింహాల మరణాల్లో ఈ వైరస్ పాత్ర బయటపడింది. ఇక్కడ వంధ్యీకరణ మాత్రమే చేసి డిస్టెంపర్, రేబిస్ టీకాలు వేయకుండా వదలడం సగం పని.

8. శస్త్రచికిత్సకు ఋతువు:

వయసు కుదిరాక నెల చూసుకోవాలి. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయన్నది సామెత. రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. మత్తు నుంచి తేరుకుంటున్న కుక్క ఒళ్ళు వేడిని సరిగా అదుపు చేసుకోలేదు. చల్లని గది లేనిచోట ఎండాకాలపు శస్త్రచికిత్స ప్రమాదకరం. వానకాలంలో ఈగల బెడద. తడిసిన కుట్లకు రెండు మూడు రోజుల్లోనే పురుగులు పడతాయి. ఇంటికుక్కకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఆదిలాబాద్ చలికి మాత్రం శస్త్రచికిత్స రాత్రి గోనెసంచి పరుపు, కప్పు తప్పనిసరి.

శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్ష చేయించడం ఈ ప్రాంతంలో విలాసం కాదు. గోమార్ల ద్వారా సోకే ఎర్లీకియా వ్యాధిలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కుక్క పైకి మామూలుగానే ఉంటుంది, కత్తి పెట్టాక రక్తం ఆగదు. బబేసియా వల్ల రక్తహీనత వస్తుంది. ఒంటినిండా గోమార్లున్న కుక్కకు ముందు వాటిని పోగొట్టి, పరీక్షించి, అవసరమైతే చికిత్స ముగించాకే శస్త్రచికిత్సకు తీసుకోవాలి. పాత కరీంనగర్ జిల్లా కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. ఊరకుక్కల ఎదుగుదల, బరువు, గోమార్ల వ్యాధుల మీద స్థానిక గణాంకాలు సేకరించడానికి అటువంటి విద్యాసంస్థలు సహజమైన వేదికలు.

కత్తి లేని మార్గాలూ ఉన్నాయి. వృషణాల్లోకి క్యాల్షియం క్లోరైడ్ ఇంజెక్షన్ మీద పశ్చిమబెంగాల్‌లో జానా, సమంత చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అమెరికాలో 2003లో జింకు గ్లూకోనేట్ ఇంజెక్షన్‌కు అనుమతి లభించింది. నాళాన్ని మాత్రమే కత్తిరించి హార్మోనును ఉంచే వాసెక్టమీ మరొకటి. అది సంతానాన్ని ఆపుతుంది, తిరుగుడును ఆపదు.

9. రెండు కాలాలు కలిసే చోటు:

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా కనిపించే కుక్క పూర్తిగా ఇంటిది కాదు, పూర్తిగా వీధిదీ కాదు. ఒక ఇంటివాళ్ళు పేరు పెడతారు, అన్నం పెడతారు. మెడకు పట్టీ ఉండదు. రాత్రంతా ఊరు తిరుగుతుంది. మార్గదర్శకాల్లో దీనికి ప్రత్యేక స్థానం లేదు. దీని లెక్క మాత్రం అన్నింటికంటే తేలిక.

డిసెంబరు చివర పుట్టిన మగపిల్ల ఆగస్టు చివరికి ఎనిమిది నెలలది అవుతుంది. దాని శరీరం అప్పటికి చాలావరకు ఎదిగి ఉంటుంది. బరువు 20 కిలోలలోపు కనుక కీళ్ళ భయం తక్కువ. చిత్తకార్తెకు ఇంకా ఆరు వారాల వ్యవధి ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాత కూడా నాళాల్లో మిగిలిన వీర్యకణాలు కొన్ని వారాలు ఉండగలవు కనుక ఆ వ్యవధి అవసరం. అంటే మఖ, పుబ్బ కార్తెల నాటికి పని పూర్తికావాలి. ఎముక చెప్పే కాలం, కార్తె చెప్పే కాలం ఈ కుక్క దగ్గర ఒకటవుతాయి. అడ్డు వచ్చేది వాన ఒక్కటే. అందుకు పది రోజులు పొడి నేల మీద, కొట్టంలోనో పంచలోనో కట్టేసి, కుట్లు నాకకుండా మెడకు గరాటు ఆకారపు పట్టీ వేసి, ఈగలు వాలని మందు రాయగల యజమాని కావాలి. ఆ పది రోజులు కుదరని ఇంట్లో చిత్త దాటాక, దీపావళి తర్వాత పొడివాతావరణంలో చేయించడం మంచిది. ఒక ఎదకాలం పోతుంది, కుట్టు నిలుస్తుంది.

జర్మన్ షెపర్డ్ దగ్గర ఈ రెండు కాలాలూ కలవవు. డిసెంబరులో పుట్టిన పిల్ల మొదటి చిత్తకు పది నెలలది. దాని కీళ్ళు మరో ఏడాది ఆగమంటాయి. అంటే రెండు చిత్తకార్తెలనూ విత్తుతోనే దాటించాలి. ఆ రెండు అక్టోబరు నెలల్లో గేటు వేసి ఉంచడం, గొలుసు లేకుండా బయటికి వదలకపోవడం, ఎదకు వచ్చిన ఆడకుక్క వాకిట్లోకి రాకుండా చూడటం యజమాని పని. అది చేయగల ఇంట్లో ఇరవైమూడు, ఇరవైనాలుగు నెలలకు చలికాలం చూసి చేయించవచ్చు. గేటు లేని ఇంట్లో ఆ జాతి కుక్కను తెచ్చుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి.